ద్రవాల సంగతులు – 4వ పాఠం: మోటర్ నీళ్లను లాగదు

కిందటి పాఠంలో లోతు పెరిగేకొద్దీ నీటి పీడనం పెరుగుతుందని, మీటరుకి సుమారు 9.8 కిలోపాస్కల్స్ చొప్పున అని లెక్క కట్టాం కదా, ఇవాళ ఆ లెక్కనే తిరగేసి వాడదాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. పెద్ద గణితమేం లేదు, ఒక భాగహారం, రెండు గుణకారాలు.

ఎండలు ముదిరాక దక్షిణ ఒడిశాలో కోరాపుట్, సెమిలిగుడ, రాయగడ వైపు పెరటి నూతుల్లో నీళ్లు అడుగుకి దిగిపోతాయి. గట్టు మీద మోటర్ తిరుగుతూనే ఉంటుంది, కరెంటు మీటర్ కూడా తిరుగుతూనే ఉంటుంది, కుళాయిలో మాత్రం చుక్క రాదు. మిస్త్రీని పిలిస్తే తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగించి తేల్చేది ఒక్కటే: "అర హెచ్‌పీ చాలట్లేదండీ, ఒకటిన్నర వేసేయండి, అదే లాగేస్తుంది." వేశాక కూడా చాలా ఇళ్లలో రాదు. తప్పు మోటర్‌ది కాదు, "లాగడం" అనే ఆలోచనది.

తాడును లాగినట్టు నీళ్లను పైనుంచి లాగలేం. పంపు చేసేది సక్షన్ పైపులో (నూతి నీళ్ల నుంచి పంపు దాకా ఉండే పైపు) పీడనం తగ్గించడం, అంతవరకే. నూతిలో నీటి ఉపరితలం మీద గాలి బరువు ఎప్పుడూ ఉంటుంది, పైపు లోపల పీడనం తగ్గగానే బయటి గాలి ఆ నీళ్లను పైపులోకి తోస్తుంది. కొబ్బరిబోండంలో స్ట్రా పెట్టి పీల్చినప్పుడు జరిగేదీ ఇదే. మనం నోట్లో చోటు ఇస్తున్నాం, తోసేది గాలి.

మరి గాలి ఎంత ఎత్తుకి తోయగలదు? సముద్ర మట్టం దగ్గర వాయుపీడనం సుమారు 101.3 కిలోపాస్కల్స్. దాన్ని 9.8తో భాగించండి, 10.3 మీటర్లు వస్తుంది, అంటే 34 అడుగులు. పైపులో గాలి మొత్తం తీసేసి పూర్తి శూన్యం చేసినా అంతకు మించి ఒక్క అంగుళం ఎక్కదు. అర హెచ్‌పీ అయినా యాభై హెచ్‌పీ అయినా గాలికి తెలియదు కదా! హెచ్‌పీ పెంచితే పంపు నుంచి పైన ట్యాంకు దాకా ఎక్కించే బలం, నీళ్లు వచ్చే జోరు పెరుగుతాయి, కింద నుంచి పంపు దాకా ఉన్న హద్దు మాత్రం జరగదు.

ఈ హద్దు సంగతి ఇటలీలో పంపుల పనివాళ్లకి ముందే అనుభవంలో ఉంది, గెలీలియో కూడా 1638 నాటి పుస్తకంలో దీని గురించి రాశాడు, కానీ కారణం గాలి అని పట్టుకోలేదు. ఆయన దగ్గర పనిచేసిన టోరిచెల్లి నీళ్లకు బదులు పాదరసం తీసుకున్నాడు. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు కాబట్టి గొట్టంలో 76 సెంటీమీటర్ల దగ్గరే ఆగింది. 0.76ని 13.6తో గుణించి చూడండి, మళ్లీ అదే 10.3. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నామని 1644లో ఒక లేఖలో రాశాడు. అదే నిజమైతే కొండ ఎక్కితే ఆ గాలి తగ్గాలి కదా అని పాస్కల్ తన బావని ఒక కొండ మీదికి పంపించాడు, 1648లో. పైన పాదరసం దాదాపు 8 సెంటీమీటర్లు దిగింది. పీడనం కొలమానానికి పాస్కల్ పేరు ఊరికే పెట్టలేదు.

ఇప్పుడు మన కొండలకి రండి. కోరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ఎత్తుల్లో ప్రతి 100 మీటర్లకు వాయుపీడనం రమారమి 1.1 శాతం తగ్గుతుందనుకుంటే చాలు. అంటే గోపాలపూర్ బీచ్ దగ్గర 10.3 ఉన్న హద్దు కోరాపుట్‌లో 9.3 మీటర్లే. అదీ కాగితం మీద. పైపులో రాపిడి, మలుపులు, ఫుట్ వాల్వ్ (పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా పట్టే మూత) తినేది తీసేస్తే తీరం దగ్గరి బరంపురంలో ఏడు మీటర్లు, కోరాపుట్‌లో ఆరు దాటితే నమ్మకం పెట్టుకోవద్దు.

ఇంకో చిక్కు ఉంది. పీడనం తగ్గితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. కోరాపుట్‌లో సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి, అందుకే కందిపప్పుకి కుక్కర్ లేకపోతే అక్కడ ఇంకాస్త ఆలస్యం. పంపు నోటి దగ్గర పీడనం మరీ పడిపోతే చల్లటి నీళ్లే ఆవిరి బుడగలవుతాయి, అవి లోపల చిట్లుతూ గరగరమని చప్పుడు చేస్తాయి, చివరికి పంపు ఇంపెల్లర్‌ని, అంటే లోపల తిరిగే రెక్కల చక్రాన్ని, తినేస్తాయి. నమ్మకం కలగకపోతే సూది తీసేసిన సిరంజిలో పావు వంతు వేడినీళ్లు తీసుకోండి (చెయ్యి కాలనంత వేడి చాలు), లోపలి గాలి బయటికి తోసేసి మూతి వేలితో గట్టిగా మూసి, వెనక్కి లాగండి. పొయ్యి లేకుండానే బుడగలు లేస్తాయి. మొదట్లో వచ్చే చిన్న బుడగల్లో కొన్ని నీటిలో కరిగి ఉన్న గాలివి, వాటిని చూసి మోసపోకండి.

ఇక మోటర్ సంగతి. కొలవాల్సింది పైపు పొడవు కాదు, నీటి మట్టం నుంచి పంపు దాకా నిలువు ఎత్తు. తాడుకి రాయి కట్టి దింపితే తెలిసిపోతుంది. హద్దు దాటితే పంపునే నూతిలో అరుగు మీదికి దించాలి, లేదా నీళ్లలోనే మునిగి ఉండి కింద నుంచి తోసే సబ్‌మెర్సిబుల్ వేయాలి. ఎత్తు హద్దులోనే ఉండి కూడా నీళ్లు రాకపోతే జాయింట్ల దగ్గర గాలి పీలుస్తోందేమో, ఫుట్ వాల్వ్ కారుతోందేమో చూడండి. ఖర్చు వందల్లో పోతుంది.

మీకు లెక్క: కోరాపుట్ జిల్లాలోని దేవమాలి శిఖరం ఎత్తు 1672 మీటర్లు. అక్కడ నుయ్యి ఉందనుకుందాం, సక్షన్ హద్దు ఎంత? ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుందనుకుంటే నీళ్లు ఎన్ని డిగ్రీలకు మరుగుతాయి? మొదటిదానికి 8.4 మీటర్లు, రెండోదానికి 94 పైచిలుకు వస్తే మీ దారి సరైనదే. తేడా వస్తే శాతం తీసిన చోటు మళ్లీ చూసుకోండి. వచ్చే పాఠం చిక్కదనం మీద, ఇంట్లో ఆముదం, తేనె ఉంటే పక్కన పెట్టండి.