తప్పెటగుళ్లు టీవీలో బాగా వినిపించాలంటే: మ్యూజిక్ ప్రోగ్రాం ప్రొడ్యూసర్ పని ఎలా మొదలుపెట్టాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, రాయగడలోనో ఉండి ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు ముందు ఒక అరగంట ఎపిసోడ్ పూర్తిగా తయారుచేసి చేతిలో పెట్టుకోండి. హైదరాబాదు వెళ్లినా, భువనేశ్వర్ వెళ్లినా బయోడేటా కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది. డబ్బు తక్కువుంటే కెమెరా అద్దెకు తెచ్చుకుని, మంచి హెడ్‌ఫోన్లు, ఒక్కో మైకును విడివిడిగా రికార్డు చేసే మల్టీట్రాక్ రికార్డర్ కొనుక్కోండి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు. పాట చెవికి గీరుకుంటే ఛానల్ మార్చేస్తారు.

గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని కేబుల్ టీవీ నియమాల్లో ఉంది. ఆ లెక్కన అరగంటలో మీకు సుమారు 24 నిమిషాలు. నాలుగేసి నిమిషాల పాటలు నాలుగు, మాటలకు ఆరు నిమిషాలు, టైటిళ్లకు మిగతా రెండు. అయిదో పాట ఇరికిస్తే కళాకారుల చేత నాలుగు మాటలు చెప్పించే చోటే పోతుంది.

అసలు కష్టం రికార్డింగులో ఉంది. ఉత్తరాంధ్ర జానపద కళ తప్పెటగుళ్ల జట్టునే తీసుకోండి. రేకు తప్పెట గుండెల మీద కట్టుకుని, గెంతుతూ వాయిస్తూ పాడతారు. చొక్కాకి కాలర్ మైకు పెడితే ప్రతి దెబ్బా మైకు మీదే పడినట్టుంటుంది, పాట వినపడదు. ముందుపాట పాడే ఆయనకు చెంప పక్కన నిలిచే హెడ్‌సెట్ వైర్‌లెస్ మైకు పెట్టండి. జట్టంతటికీ ఎదురుగా, మనిషి తలకంటే ఎత్తులో స్టాండు మీద రెండు కండెన్సర్ మైకులు (సన్నని శబ్దాన్నీ పట్టేవి) పెట్టండి. ఆరుబయట అయితే వాటికి గాలి తొడుగులు తప్పనిసరి. గజ్జెల కోసం కింద ఇంకొకటి ఉంటే మంచిది.

లెవెల్ చూసేటప్పుడు అందరూ మెల్లగా వాయిస్తారు, ఊపు వచ్చాక దెబ్బ రెట్టింపవుతుంది. అందుకే పరీక్షలో రికార్డరు మీటరు మీద గట్టి దెబ్బలు కూడా మైనస్ 18 డెసిబెల్స్ దగ్గరే ఉండేలా చూడండి. రికార్డరులో వీలుంటే అదే శబ్దాన్ని 12 డెసిబెల్స్ తగ్గించి రెండో ట్రాకులో కూడా దాచండి. ఒకసారి పగిలిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ మొత్తంగా బాగుచేయలేదు.

జాతరలో తీస్తుంటే మైక్ సెట్ వాళ్లను అడిగి మిక్సర్ నుంచి లైన్ తీసుకోవచ్చు. కానీ దాని మీదే ఆధారపడొద్దు. వాయిద్యాలు ఎలాగూ గట్టిగా వినిపిస్తాయి కాబట్టి వాళ్లు గొంతుకే మైకు ఇస్తారు. ఆ లైనులో తప్పెట దాదాపు ఉండదు. కొరాపుట్ వైపు గిరిజనులు ఆడే థింసా నాట్యానికీ ఇదే సమస్య. అందులో వాయించే మోరి, తుడుము, డప్పులకు మీ మైకులు మీరే పెట్టుకోవాలి.

సెట్టింగుల్లో శబ్దం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. బొమ్మ సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు సెకనులో 50వ వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అలా పెడితే ట్యూబులైట్ల కింద బొమ్మ మిణుకుమిణుకుమనదు. ఫోనుతో తీస్తే ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండకపోవచ్చు, పాట సగానికొచ్చేసరికి పెదవులు ఒకటి, మాట ఒకటి అవుతాయి. అందుకని ప్రతి పాటకూ మొదట్లో, చివర్లో కెమెరాలన్నిటికీ కనిపించేలా చప్పట్లు కొట్టించండి, ఎడిటింగులో ఆ చప్పుడు దగ్గర బొమ్మనూ శబ్దాన్నీ కలుపుకోవచ్చు. మూడు కెమెరాలు చాలు: ఒకటి జట్టు మొత్తానికి, ఒకటి ముఖాలకు, ఒకటి చేతులకూ కాళ్లకూ. మొత్తాన్ని చూపే కెమెరాను పాట అయ్యేదాకా ఆపొద్దు. ఎడిటింగులో ఏది తేడా వచ్చినా దానికే వెళ్లాలి.

కాగితాల దగ్గరే చాలా ఎపిసోడ్లు ఆగిపోతాయి. ప్రతి పాటకూ క్యూషీట్ రాయండి: పాట పేరు, రాసినవారు, స్వరపరిచినవారు, పాడినవారు, నిడివి. జానపదం అయితే ఎవరి దగ్గర విన్నారో, ఏ ఊరో రాయండి. సినిమా పాటను మీ గాయకుడే పాడినా సాహిత్యానికీ స్వరానికీ అనుమతి కావాలి. కరావోకే ట్రాకు వాడితే ఆ ట్రాకు చేసినవాళ్ల అనుమతి వేరే. కళాకారుల సమ్మతి పత్రం వాళ్లు చదవగలిగే భాషలో, తెలుగో ఒడియానో, ఉండాలి. చదవలేనివారికి గట్టిగా చదివి వినిపించి, వినిపించడాన్ని వీడియో తీసి, వేలిముద్ర తీసుకోండి. పారితోషికం ఆ రోజే చేతికివ్వండి. రేపు అనడం మర్యాద కాదు.

డిగ్రీ అయినవాళ్లకు పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ టెలివిజన్ విభాగంలో కోర్సులున్నాయి. దగ్గర్లో అయితే కటక్‌లో బిజూ పట్నాయక్ పేరిట ఫిల్మ్, టెలివిజన్ శిక్షణ సంస్థ ఉంది. చదువు కుదరకపోతే ఛానల్లో ప్రొడక్షన్ అసిస్టెంటుగా చేరండి. చేరాక శబ్దాలు కలిపే ఆడియో కన్సోల్ పక్కన కూర్చోనివ్వమని అడగండి. మీ ఎపిసోడ్ ఇచ్చేముందు ఆ ఛానల్ లౌడ్‌నెస్ (మొత్తం మీద శబ్దం ఎంత గట్టిగా ఉండాలన్నది) ఎంత అడుగుతుందో, ఫైలు ఏ ఫార్మాట్లో కావాలో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఒడియా ఛానలుకు ఇస్తుంటే తెర మీద పడే పేర్లను ఒడియా బాగా వచ్చినవారి చేత ఒకసారి చదివించండి.