కొబ్బరి చెట్ల నీడలో వెన్నదేవి కలుపు

మా కోనసీమలో కొబ్బరి చెట్ల కింద కనకాంబరాలు వేస్తే చాలు, మడంతా వెన్నదేవి పాకేస్తుంది. పారతో చెక్కితే తెగిన ప్రతి కణుపూ మళ్లీ వేరు వేస్తుంది. అందుకే నీళ్లు పెట్టిన మర్నాడు తీగ మొదలు పట్టుకుని మెల్లగా లాగండి. తర్వాత తడిపిన పాత పేపర్లు 7, 8 పొరలు, అంచులు బెత్తెడు మేర ఒకదానిపై ఒకటి ఎక్కేలా పరిచి, పైన 3 అంగుళాల మందాన కొబ్బరి పొట్టు వేయండి. మొక్కల మొదళ్ల దగ్గర నాలుగు వేళ్ల ఎడం వదలాలి.

పీకిన తీగలు డాబా మీద బాగా ఎండబెట్టండి. నేను ఓసారి కాలవ గట్టున పారేస్తే గట్టంతా అల్లుకుంది!

ముసురు రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, పేపరు చివికిపోతుంది, తీగ ఎండదు. ఇది మట్టి లోపల కూడా గింజ కట్టే రకం, నెలకోసారి చూసుకోవాల్సిందే.