వడగాడ్పులో చల్లటి నీళ్లు

రిటైరయ్యాక మేమిద్దరం పడకా, స్టవ్వూ పెట్టించుకున్న వ్యాన్‌లో ఊళ్లు తిరుగుతున్నాం. మే నెలలో ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోతుంటే, పదిగంటలకే తాగే నీళ్లు కాగిపోయాయి. మా ఆవిడ లీటరు స్టీలు సీసాకి పాత నూలు తువ్వాలు రెండు చుట్లు చుట్టి, బాగా తడిపి, కిటికీ లోపలివైపు నీడలో గాలి తగిలేలా కట్టింది. అరగంటకోసారి గుడ్డ మీద అరగ్లాసు నీళ్లు పోస్తే చాలు. గంటలోపే కుండలో నీళ్లలా అయ్యాయి. టెర్లిన్ గుడ్డ వద్దు, నీళ్లు పీల్చదు. ఫ్లాస్కులాంటి రెండు పొరల సీసాకీ పనిచేయదు. సముద్రం ఒడ్డున మైపాడు వైపు ఉక్కపోతలో అయితే గుడ్డ ఆరదు, నీళ్లూ చల్లబడవు. అక్కడ కొబ్బరిబోండాం కొట్టించుకోవడమే.