తోట దీపాలు మసకబారితే మార్చాల్సింది ట్రాన్స్‌ఫార్మరా, వైరా?

ఇంటి ముందు తోటలో 12 వోల్టుల దీపాలు సరిగా వెలగకపోతే చాలామంది మొదట చేసే పని, ఇంటి 230 వోల్టులను 12 వోల్టులకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇంకా పెద్దది కొనడం. ఆ ఖర్చు పెట్టే ముందు, దీపాలన్నీ వెలుగుతున్న సమయంలో మల్టీమీటరుతో ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ దగ్గరా, వరుసలో చివరి దీపం దగ్గరా వోల్టేజీ కొలవాలి. లోపం ఎక్కడుందో ఆ రెండు అంకెలను బట్టే చాలావరకు తెలుస్తుంది.

సమస్య: మొదటి దీపాలు బాగా వెలుగుతాయి, చివరివి మసకగా ఉంటాయి.

అవుట్‌పుట్ దగ్గర 12 వోల్టులు ఉండి, చివర 10 కంటే తక్కువ కనిపిస్తే లోపం ట్రాన్స్‌ఫార్మర్‌ది కాదు, వైరుది. 60 వాట్ల దీపాలు సుమారు 5 ఆంపియర్ల కరెంటు తీసుకుంటాయి. అవి 20 మీటర్ల దూరంలో ఉంటే కరెంటు వెళ్లడానికీ తిరిగి రావడానికీ కలిపి 40 మీటర్ల రాగి తీగ అవుతుంది కనుక, 1.5 స్క్వేర్ ఎం.ఎం. వైరులో దాదాపు 2.4 వోల్టులు దారిలోనే పోతాయి. అదే 4 స్క్వేర్ ఎం.ఎం. వైరు వేస్తే పోయేది ఒక వోల్టు లోపే. వైరు మార్చడం కుదరకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌ను దీపాల మధ్యకు జరపడం, లేదా ఒకే పొడవాటి వరుసను రెండుగా విడదీసి వేర్వేరు వైర్లతో తేవడం మేలు. మట్టిలో ఉన్న జాయింట్లను కూడా ఒకసారి విప్పి చూడాలి. తడి తగిలి పచ్చబారిన రాగి కూడా వోల్టేజీని తినేస్తుంది.

సమస్య: కాసేపు వెలిగి అన్నీ ఆరిపోతాయి, కొంతసేపటికి మళ్లీ వెలుగుతాయి.

ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి, లోపలి థర్మల్ కటాఫ్ (వేడి మించితే కరెంటు ఆపే భాగం) పనిచేస్తోందన్నమాట. ఇక్కడ మాత్రం సైజు నిజంగానే చాలలేదేమో చూడాలి. ఎల్‌ఈడీ దీపాలకు వాట్లు కాక పెట్టెపై ఇచ్చిన వీఏ (వోల్ట్-ఆంపియర్, అంటే వోల్టేజీని కరెంటుతో గుణించిన లెక్క) అంకెను కూడాలి, ఎందుకంటే 5 వాట్ల దీపం 7.5 వీఏ తీసుకోవచ్చు. అలాంటివి 12 ఉంటే 90 వీఏ. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యంలో 80 శాతానికి మించి లోడు పెట్టకూడదు కనుక 113 వీఏ కావాలి, అంటే బజారులో దొరికే 150 వీఏది తీసుకోవాలి. గాలి ఆడని పెట్టెలో, పడమటి ఎండ తగిలే గోడకు బిగించినదైతే ముందు చోటు మార్చి చూడండి.

సమస్య: హాలోజెన్ తీసి ఎల్‌ఈడీ పెట్టాక దీపాలు మినుకుమినుకుమంటున్నాయి.

హాలోజెన్ కోసం చేసిన ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్‌కు కనీస లోడు ఉంటుంది. ఎల్‌ఈడీల కొద్దిపాటి లోడు దానికి చాలదు. దాని అవుట్‌పుట్ హై ఫ్రీక్వెన్సీది కనుక మామూలు మల్టీమీటరు చూపే అంకెను నమ్మకూడదు, తోటలోని పొడవాటి వైర్లకూ అది తగదు. దాని బదులు, దీపంపై ఏసీ అని ఉందో డీసీ అని ఉందో చూసి, ఏసీకైతే ఐరన్ కోర్ ట్రాన్స్‌ఫార్మర్ (ఇనుప దిమ్మపై తీగ చుట్టినది), డీసీకైతే ఎల్‌ఈడీ డ్రైవర్ (ఎల్‌ఈడీలకు డీసీ అందించే పెట్టె) వాడాలి.

సమస్య: సగం ఎల్‌ఈడీలకు మార్చాక మిగిలిన హాలోజెన్లు తరచూ మాడిపోతున్నాయి.

లోడు తగ్గితే ఐరన్ కోర్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ కొంచెం పెరుగుతుంది. 5 శాతం పెరిగినా హాలోజెన్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది కనుక, అన్నిటినీ ఒకేసారి మార్చడమే మంచిది.

ఇక అవసరానికి మించి పెద్దది పెట్టేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. 300 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టుల వైపు 25 ఆంపియర్లు ఇవ్వగలదు. అంత కరెంటు సన్నని వైరును కాల్చేయగలదు, కానీ 230 వోల్టుల వైపు అది 1.3 ఆంపియర్లే కనుక ఇంట్లోని 6 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మించితే తనంతట తానే ఆగిపోయే స్విచ్) పడదు. అందుకని 12 వోల్టుల వైపు ప్రతి వరుసకూ దాని వైరుకు తగిన ఫ్యూజు విడిగా పెట్టించాలి.