లగ్జరీ కారు: యంత్రం, రూపం, ఒకే ప్రణాళిక – 3వ పాఠం: పట్టిక గీయడం

కిందటి పాఠంలో డిజైనర్ తన ఇష్టానికి జరపలేని హద్దులు చూశాం: ఇంజిన్ ఎత్తు, ముందు చక్రాల స్థానం, విండ్‌స్క్రీన్ అడుగు అంచు. ఇప్పుడు వాటికి కాలాన్ని జోడిద్దాం. ఒక మోడల్ పది పదిహేనేళ్లు నడవాలంటే ఏ ఏడాది ఏది మార్చాలి?

కాగితాన్ని అడ్డంగా పెట్టుకుని పైన సంవత్సరాలు రాయండి. కింద రెండు వరుసలు గీయండి, ఒకటి యంత్రానికి, ఇంకొకటి రేకుకు. రేకు అంటే ఇక్కడ బాడీ ఒక్కటే కాదు, గ్రిల్, బంపర్, లైట్లు, డాష్‌బోర్డ్ అన్నీ. యంత్రం వరుసలో ఏ మార్పు రాసినా, దానివల్ల రేకులో ఏదైనా కదులుతుందా అని చూడండి. కదిలితే పై నుంచి కిందికి బాణం గీయండి.

అప్పట్లో ఇంగ్లండ్‌లో క్రూ పట్టణంలో తయారైన రోల్స్ రాయిస్ కార్లతో దీన్ని నింపి చూద్దాం. సిల్వర్ క్లౌడ్ 1955లో వచ్చింది, 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో. 1959లో ఆ ఇంజిన్ తీసేసి 6.2 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్లు V ఆకారంలో రెండు వరుసలుగా ఉండే ఇంజిన్) పెట్టారు. యంత్రంలో ఇంత పెద్ద మార్పు జరిగినా, కంపెనీ డిజైనర్ జాన్ బ్లాచ్‌లీ గీసిన బాడీని దాదాపు ముట్టుకోలేదు. మరి వెడల్పాటి ఇంజిన్ ఎలా పట్టింది? ఇరికించారు. స్టీరింగ్ బాక్స్‌ను ఛాసిస్ ఫ్రేమ్ బయటికి జరిపారు. ఒక వైపు స్పార్క్ ప్లగ్గులు అందాలంటే ముందు చక్రం విప్పి, దాని వెనక ఉన్న మూత తీయాల్సి వచ్చేది. రేకు మార్చకుండా మిగిల్చిన డబ్బుకు బదులు సర్వీసులో మెకానిక్ కష్టపడ్డాడన్నమాట. ఇలాంటి చోట బాణం ఉండదు కాబట్టి పట్టిక చాలా శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే అక్కడ ఎర్ర చుక్క పెట్టండి.

1962లో ఇదే కారు మూడో రూపం, క్లౌడ్ 3 వచ్చింది. నాలుగు హెడ్‌లైట్లు వచ్చాయి, గ్రిల్, బానెట్ సుమారు అంగుళంన్నర కిందికి దిగాయి. ఇంజిన్‌లో కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, ఇంధనం ఎన్ని రెట్లు నొక్కుకుపోతాయన్న లెక్క) 8 నుంచి 9కి పెరగడం లాంటి సవరణలే. అంటే గుండెకాయ మారిన ఏడాది ముఖం మారలేదు, ముఖం మారిన ఏడాది ఇంజిన్ జోలికి పెద్దగా పోలేదు. నా లెక్కలో ఇది మంచి పద్ధతే. కొత్త ఇంజిన్, కొత్త రేకు ఒకేసారి వస్తే ఫ్యాక్టరీకి రెండు రకాల టెన్షన్ ఒకే రోజున మొదలవుతుంది.

కానీ ఈ పద్ధతి అన్నిచోట్లా పనికిరాదు. 1965లో వచ్చిన సిల్వర్ షాడోను తీసుకోండి. 1970కల్లా దాని ఇంజిన్ 6.75 లీటర్లయింది. బోర్ (సిలిండర్ వెడల్పు) అంతే ఉంచి స్ట్రోక్‌ను (పిస్టన్ కదిలే దూరాన్ని) 91.4 నుంచి 99.1 మిల్లీమీటర్లకు పెంచారు. ఇది బ్లాక్ లోపల జరిగిన పని, కాబట్టి బాణం లేదు. 1977లో షాడో 2 వచ్చినప్పుడు రెండు అంతస్తుల ఎయిర్ కండిషనింగ్ పెట్టారు: తల దగ్గర ఒక ఉష్ణోగ్రత, కాళ్ల దగ్గర ఇంకొకటి. దానికి గాలి గొట్టాలు, గాలి రంధ్రాలు కావాలి. డాష్‌బోర్డ్ మార్చక తప్పదు. ఇక్కడ బాణం లావుగా గీయండి. డాష్‌బోర్డ్‌ను మూడేళ్ల ముందే అందంగా మార్చేసి ఉంటే, ఇంటికి రంగులేయించాక వైరింగ్ కోసం గోడలు తవ్వినట్టయ్యేది. ఇంకో సంగతి: ఈ ఏసీని మొదట 1975 నాటి కమార్గ్‌లో పెట్టారు. మొత్తంమీద ఐదు వందల పైచిలుకు మాత్రమే తయారైన కారు అది. కొత్త వ్యవస్థను తక్కువ సంఖ్యలో అమ్మే ఖరీదైన మోడల్‌లో ముందు నడిపించడం ప్రణాళికలో రాసుకోదగ్గ ఎత్తుగడ.

షాడో 2కు రబ్బరు ముఖమున్న బంపర్లు కూడా వచ్చాయి. వీటిని ఏ వరుసలో రాస్తారు? బంపర్ రేకు వరుసదే, కానీ ఈ మార్పుకు కారణం ఆ రెండు వరుసల్లోనూ లేదు. అమెరికాలో 1973 మోడళ్ల నుంచి, ముందు బంపర్ గంటకు 5 మైళ్ల వేగంతో గుద్దుకున్నా లైట్ల లాంటి భద్రతా భాగాలు చెడకూడదన్న నిబంధన మొదలైంది. అక్కడ అమ్మాలనుకున్న ప్రతి కంపెనీ బంపర్లను మళ్లీ ఆలోచించాల్సి వచ్చింది. కాబట్టి పట్టికకు అన్నిటికన్నా పైన చట్టం అనే మూడో వరుస చేర్చండి. ఆ తేదీలు మన చేతిలో ఉండవు, వాటిని మొదట నింపాలి. తర్వాత యంత్రం, ఆఖరున రేకు. రేకులోనూ గ్రిల్, లైట్లు చౌక. తలుపులు, పైకప్పు మార్చాలంటే కొత్త డైలు (రేకును నొక్కి ఆకారం ఇచ్చే అచ్చులు) కావాలి, అది ఏళ్ల పని.

అభ్యాసానికి జాగ్వార్ ఎక్స్‌జే. 1968లో ఆరు సిలిండర్లతో మొదలైంది. 1972లో వీ12, 1973లో అమెరికా నిబంధన కోసం ఎత్తు పెంచిన ముందు బంపర్, 1979లో ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా మార్చిన పైకప్పు. 1986లో పూర్తిగా కొత్త బాడీ వచ్చింది, అందులో వీ12 పట్టలేదు. అందుకే పాత బాడీని వీ12 కోసం 1992 దాకా తయారు చేస్తూనే ఉన్నారు. కొత్త బాడీలో వీ12 వచ్చింది 1993లో. మూడు వరుసల్లో ఇవన్నీ నింపి బాణాలు గీయండి. ఎర్ర చుక్క ఏ ఏడాది మీద పడాలో, ఎందుకో రెండు వాక్యాల్లో రాసి ఉంచండి. 4వ పాఠంలో ముందుగా మీ పట్టికను సరిచూసుకుందాం.