పాపోవర్లు, రెండో పాఠం: ఏ బటన్ నొక్కినా మొదటిదే వస్తోందా?

పోయినసారి ఒక్క పాపోవర్ (బటన్ నొక్కితే పేజీ మీద తేలే చిన్న పెట్టె) చేయించి, "మిగతావి కూడా ఇంతే, మీరే చేసుకోండి" అనేశాను. చాలామంది అక్కడే బోల్తా పడ్డారు, అందులో సగం తప్పు నాదే. కొత్త పాఠం తర్వాత చూద్దాం, ముందు ఇది తేల్చేద్దాం. పాపోవర్ యాట్రిబ్యూట్ ఎక్కడ పెట్టాలో మళ్లీ చెప్పను.

మీరు చేసిందేమిటంటే బటన్‌నీ దాని డివ్‌నీ (మాటలుండే హెచ్‌టీఎంఎల్ డబ్బా) కలిపి కాపీ కొట్టి, లోపలి మాటలు మార్చి, ఐడీని (పేజీలో ఒక్కదానికే ఉండాల్సిన పేరు) మాత్రం అలాగే వదిలేశారు. ఏ పాపోవర్‌ని తెరవాలో చెప్పే, బటన్‌లోని పాపోవర్‌టార్గెట్ వెతికేది ఐడీతోనే. ఆ ఐడీతో పేజీలో మొదట ఏది కనిపిస్తే దాన్నే తెరుస్తుంది, రెండోది ఉందో లేదో కూడా చూడదు. ఫారంలో పాస్‌వర్డ్ గడి పక్కన ప్రశ్న గుర్తు నొక్కితే "మీ పూర్తి పేరు రాయండి" అని వస్తుంది, పుట్టిన తేదీ దగ్గర నొక్కినా అదే. నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, తప్పులు చూపించే బ్రౌజర్ కన్సోల్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాదు! కొందరు ఐడీ తీసేసి క్లాస్ పెట్టారు, పాపోవర్‌టార్గెట్‌కి క్లాస్‌తో పనే లేదు. ఇంకొందరు డివ్‌లో ఐడీ మార్చి బటన్‌లో మర్చిపోయారు, అప్పుడు రెండో బటన్ కూడా పాతదాన్నే తెరుస్తుంది. నేనైతే ఒకటి, రెండు అని అంకెలు వేయను, సాయం-పేరు, సాయం-పాస్‌వర్డ్ అని గడి పేరుతోనే ఐడీ పెడతాను, మధ్యలో ఒకటి తీసేసినా లెక్క చెడదు.

ఒకరి పాపోవర్ పేజీ తెరవగానే బయటే కూర్చుంది. దానికి సీఎస్ఎస్‌లో నేరుగా డిస్‌ప్లే ఫ్లెక్స్ (లోపలివాటిని వరుసగా అమర్చేది) ఇచ్చారు. మూసి ఉన్నప్పుడు దాన్ని దాచేది బ్రౌజర్ సొంత డిస్‌ప్లే నన్, మీ రూల్ దాన్ని కొట్టేసింది. ఫ్లెక్స్‌ని పాపోవర్-ఓపెన్ సూడో క్లాస్‌కే, అంటే పాపోవర్ తెరిచి ఉన్నప్పుడే పనిచేసే రూల్‌కే, ఇవ్వండి.

పది దాటితే నేను ఇన్ని డివ్‌లు రాయను. ఒకే ఖాళీ పాపోవర్ పెట్టి, బటన్లన్నిటికీ దాని ఐడీనే ఇచ్చి, ఏ బటన్ మాట ఆ బటన్ డేటా యాట్రిబ్యూట్‌లో దాస్తాను. బటన్లున్న డబ్బాకి ఒక్క క్లిక్ లిజనర్ (నొక్కగానే నడిచే జావాస్క్రిప్ట్) చాలు, పాపోవర్ తెరుచుకునేలోపే అది మాట నింపేస్తుంది. నింపేటప్పుడు మాటని హెచ్‌టీఎంఎల్‌గా చదివే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ వద్దు, ఉత్త మాటగానే పెట్టే టెక్స్ట్‌కంటెంట్ వాడండి.

అభ్యాసం: మీ పాపోవర్లన్నిటినీ ఇలా ఒక్కదాంట్లోకి మార్చండి. ఒకటి తెరిచి ఉండగా ఇంకో బటన్ నొక్కితే మాట మారాల్సింది పోయి పాపోవరే మూసుకుపోతుంది. ఎందుకో కనిపెట్టి, జావాస్క్రిప్ట్ ముట్టుకోకుండా సరిచేయండి. బటన్ నొక్కితే పాపోవర్‌ని ఏం చేయాలో చెప్పే పాపోవర్‌టార్గెట్‌యాక్షన్‌కి మనం ఏమీ ఇవ్వకపోతే అది టాగుల్ (మూసుంటే తెరవడం, తెరిచుంటే మూయడం) అనుకుంటుంది, ఇంతకుమించి సూచన ఇవ్వను.