సీవో2 బండి సగం ట్రాక్‌లో ఆగిపోతోందా? ముందు ఇరుసు చూడండి

అమెరికాలో మిడిల్ స్కూలు పిల్లలున్న మనవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన సీనే. పిల్లాడు బ్యాగులోంచి అడుగు పొడవు బాల్సా చెక్క ఒకటి బయటికి తీస్తాడు, దానికి వెనక బొటనవేలు పట్టేంత రంధ్రం ఉంటుంది, "డాడీ, దీంతో రేస్ కారు చెయ్యాలి, శుక్రవారానికి" అంటాడు. ఆ రంధ్రంలో 8 గ్రాముల సీవో2 (కార్బన్ డయాక్సైడ్) కాట్రిడ్జ్, అంటే గ్యాస్ నింపిన చిన్న ఉక్కు డబ్బా పెడతారు. మన గోలీసోడాలో ఉండే గ్యాసే. స్టార్ట్ దగ్గర సూది దాని మూతిని పొడుస్తుంది, గ్యాస్ వెనక్కి తన్నుకుంటూ పోతుంది, బండి ముందుకు దూకుతుంది. 20 మీటర్ల ట్రాక్‌ని బాగా కుదిరిన బండి సెకను మీద కాస్త ఎక్కువలో దాటేస్తుంది, 1.1 సెకన్లు అనుకుంటే సగటున గంటకు 65 కిలోమీటర్లు.

మా వాడిది సగం దూరం పోయి ఆగింది. చూడ్డానికి మాత్రం ఫైటర్ జెట్టే, రెండు వారాంతాలు ఆ ముక్కు చెక్కడానికే పోయాయి మరి. తర్వాత క్లాసులో సాయానికి వెళ్తూ చాలా బండ్లు చూశాక తెలిసిందేంటంటే, గొడవ దాదాపు ఎప్పుడూ చక్రాల దగ్గరా, బండిని దారిలో ఉంచే కింది దారం దగ్గరా ఉంటుంది, షేపులో కాదు.

బండి వెళ్తుంది కానీ ఈడ్చుకుంటూ వెళ్తుంది

గ్యాస్ జోలికి వెళ్లకముందే బండిని తలకిందులుగా పట్టుకుని ఒక్కో చక్రాన్నీ వేలితో తిప్పండి. బాగున్న చక్రం తిరుగుతూ తిరుగుతూ మెల్లగా ఆగుతుంది. రెండు చుట్లకే టక్కున ఆగిందంటే ఏదో పట్టేస్తోందన్నమాట.

మాకు పట్టేసింది సూపర్ గ్లూ. ఇరుసు తిరగడానికి చెక్కలో చిన్న స్ట్రా ముక్క పెడతాం కదా, అది కదలకుండా అంచున ఒక్క చుక్క వేశాం. ఆ జిగురు దాదాపు నీళ్లంత పల్చన, సందు కనిపిస్తే చాలు లోపలికి పాకిపోతుంది. ఇరుసు లాగి చూస్తే దాని మీద తెల్లటి పొర, గోటితో గీకితే పెళుసుగా ఊడొచ్చింది. ఆ స్ట్రా పారేసి కొత్తది పెట్టి, ఈసారి మామూలు వుడ్ గ్లూ అగ్గిపుల్ల కొసతో బయటివైపు మాత్రమే రాశాం, ఇరుసు లేకుండానే ఆరనిచ్చాం. అంతే, అదే బండి చివరిదాకా వెళ్లింది.

జిగురు లేకపోతే చక్రం చెక్కకి రాసుకుంటోందేమో చూడండి, రంగు అక్కడ గీసుకుపోయి ఉంటుంది. మధ్యలో ఒక వాషర్ వేసి, కాగితం దూరేంత సందు వదిలితే చాలు. నూనె మాత్రం వెయ్యకండి, బాల్సా పొట్టు దానికి అంటుకుని ముద్దవుతుంది. పెన్సిల్ ములుకుని ఉప్పు కాగితం మీద రుద్దితే వచ్చే నల్లపొడి కాస్త ఇరుసుకి పూయండి.

చక్రాలన్నీ బాగానే తిరుగుతున్నా గాజు బల్ల మీద తోస్తే పక్కకి పోతోందంటే, ఇరుసు రంధ్రాలే వంకర. చేత్తో డ్రిల్ చేస్తే చాలాసార్లు ఇదే అవుతుంది. చెక్క ఇంకా నలుచదరంగా ఉన్నప్పుడే, షేపు చెక్కకముందే, డ్రిల్ ప్రెస్ మీద వేసుకోవాలి. ఇప్పటికే వంకరపోయి ఉంటే రంధ్రంలో వుడ్ గ్లూ రాసిన పుల్ల దిగ్గొట్టి, రాత్రంతా ఆరనిచ్చి, మళ్లీ వెయ్యండి.

బుస్సుమంది, కదల్లేదు

పాత కాట్రిడ్జ్ మూతి చూడండి. చిల్లు మధ్యలో ఉందా, పక్కకుందా? పక్కకుంటే, లేక సూదిమొన గుచ్చినట్టు చిన్నగా ఉంటే, గ్యాస్ ఒక్కసారిగా రాదు. చాలాసార్లు కారణం వెనక చక్రాలు మార్చడమే. పెద్దవి వేస్తే వెనకభాగం లేస్తుంది, కాట్రిడ్జ్ మధ్య ఎత్తు మారుతుంది, స్టార్టర్ సూది మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కాట్రిడ్జ్ మరీ లోపలికి దిగినా సూది అందదు. అన్ని బండ్లకీ ఇలాగే అవుతుంటే మొన అరిగినట్టు, అది టీచర్ చూసుకోవాల్సిన పని.

అనుమానం ఉంటే కాట్రిడ్జ్‌ని కిచెన్ స్కేల్ మీద రేసుకి ముందు, తర్వాత తూచండి. దాదాపు 8 గ్రాములు తగ్గాలి. చిల్లు బాగానే ఉంది, బరువూ తగ్గింది, బండి మాత్రం పోలేదూ అంటే గ్యాస్‌ని తిట్టి లాభం లేదు, మళ్లీ పైన చెప్పిన చక్రాల దగ్గరికి వెళ్లండి.

దారం దగ్గర కిర్రుమంటోంది

బండి కింద రెండు స్క్రూ కళ్లు, అంటే కొసన రింగు ఉన్న స్క్రూలు ఉంటాయి, వాటిలోంచి ట్రాక్ పొడవునా బిగించిన గాలం దారం పోతుంది. రెండూ ఒకే గీత మీద, బండికి సరిగ్గా మధ్యలో ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా బండి దారాన్ని పక్కకి లాగుతూ పరిగెడుతుంది. స్ప్రే కొట్టేటప్పుడు ఆ రింగు లోపల రంగు గడ్డకట్టి ఉంటుంది, అది కూడా గీకెయ్యండి. కాట్రిడ్జ్ రంధ్రంలోకి కూడా రంగు పోనివ్వకూడదు, టిష్యూ కుక్కి కొట్టాలి. అప్పటికే రంగు పోయి కాట్రిడ్జ్ బిగుతుగా పడుతోందంటే సన్న కర్రకి ఉప్పు కాగితం చుట్టి లోపల తిప్పండి, సుత్తి తీసుకోకండి.

నిన్న స్పీడు, ఇవాళ లేదు

ఇది నిజంగా గ్యాస్ వల్లే. సున్నా డిగ్రీల దగ్గర కాట్రిడ్జ్‌లో ఒత్తిడి 35 బార్, 20 డిగ్రీలకి 57 బార్. గరాజ్‌లో చలికి ఉన్న డబ్బా తెచ్చి పేల్చి, గదిలో ఉన్న పక్కవాడి డబ్బాతో పోలిస్తే ఎలా? అందరివీ ఒకే గదిలో గంటసేపు ఉంచండి. వేడి చేస్తే ఇంకా స్పీడు వస్తుంది కదా అని హీటర్ మీద పెట్టే తెలివి ఎవరికైనా వస్తే అక్కడే ఆపండి, 50 డిగ్రీలు దాటకూడదు. టెక్సాస్ ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టి మర్చిపోయినా అంతే. పేలాక మాత్రం డబ్బా మంచు కట్టేంత చల్లబడుతుంది, వెంటనే పట్టుకోవద్దు.

చివర్లో విరిగిపోతోంది

చెక్కలో పీచు బండి పొడవునా పోవాలి. దానికి అడ్డంగా సన్నటి రెక్క చెక్కితే మొదటి రేసుకే ఊడుతుంది. ఫినిష్ అవతల మడిచిన తువ్వాలు ఒకటికి రెండు పెట్టండి. కాట్రిడ్జ్ చుట్టూ గోడ కనీసం 3 మిల్లీమీటర్లు ఉంచాలి, బరువు తగ్గించాలంటే ఇంకెక్కడైనా చెక్కుకోండి, అక్కడ కాదు.

ఇంకొకటి. క్రీమ్ చిలకడానికి అమ్మే 8 గ్రాముల డబ్బాలు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి, కానీ వాటిలో ఉండేది నైట్రస్ ఆక్సైడ్, కొనేముందు పెట్టె మీద చదవండి. ఇక "హాల్లో ఒక్కసారి దారం లేకుండా వదిలి చూద్దాం డాడీ" అని మీవాడు అడుగుతాడు, మావాడూ అడిగాడు. వదలకండి, ఎటు పోతుందో దానికే తెలీదు.